ఒట్టి ఊ

బళ్లారి జిల్లా కురుగోడు మొత్తానికి తత్వశాస్త్రంలో ఎం.ఎ. చేసినవాడు టైటస్ ఒక్కడే. ఇంకెవరైనా ఉంటే ఇంతవరకూ బయటపడలేదు. ధార్వాడలో రెండేళ్లు చదివి పట్టా తెచ్చి చేతిలో పెడితే, వాళ్లమ్మ కృపమణి దానికి అద్దం కట్టించి, గోడమీద బైబిలు వాక్యాల క్యాలెండరు పక్కన తగిలించింది. వచ్చినవాళ్లు ఇదేం చదువమ్మా అని అడిగితే, మావోడు ఆలోచన చేసేదానికి చదివినాడు అని చెప్పుకునేది. కూర్చుని ఆలోచన చేసేవాడికి ఈ జిల్లాలో ఎవరూ జీతం ఇవ్వరని తల్లీకొడుకులకు తెలిసిరావడానికి మూడేళ్లు పట్టింది.

చివరికి దొరికింది వినే పని. బెంగళూరులో ఒక కంపెనీ యంత్రాలకు మన మాటలు నేర్పుతోంది. బళ్లారి, సిరుగుప్ప చుట్టుపక్కల జనం మాట్లాడినవి రికార్డు చేసి, చిన్నచిన్న ముక్కలుగా కోసి పంపుతుంది. ఇంట్లోనే కూర్చుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, విన్నది విన్నట్టు ల్యాప్‌టాప్‌లో టైపు చేయడమే ఉద్యోగం. అదేం పనని తీసిపారేయకండి. తెలుగులో బయలుదేరి, కన్నడంలో మలుపు తిరిగి, ఉర్దూలో పోయి ఆగే వాక్యాలు మనవి. వాటిని హైదరాబాదువాళ్లు రాయలేరు, బెంగళూరువాళ్లూ రాయలేరు. టైటస్ రాయగలడు. మొదటి ఆరు నెలలు కంపెనీలో అతని పేరు మారుమోగిపోయింది.

అలా పొద్దున తొమ్మిదినుంచి సాయంత్రం ఆరుదాకా ముక్కూ మొహం తెలియని వాళ్ల మాటలు వింటాడు మనవాడు. ఇంట్లో ఉన్న ఒక్క మనిషి మాట వినడు.

కృపమణి మాట్లాడే మనిషి. వంట చేస్తూ మాట్లాడుతుంది, గిన్నెలు తోముతూ మాట్లాడుతుంది, పళ్లు తోముకునేటప్పుడు మాత్రం కాస్త ఆపుతుంది. భర్త బతికున్న రోజుల్లో ఆయన మంచంమీద పడుకుని, ప్రతి మాటకూ ఒక ఊ కొట్టేవాడు. ఆ ఊ పడితేనే ఆమె మాట ముందుకు సాగేది. ఆరేళ్ల కిందట ఆయన పోయాక ఆ ఊ కొట్టే పని కొడుకు మీద పడింది. అతను దాన్ని బాగానే నేర్చుకున్నాడు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉన్నా సరే, వంటింట్లో గొంతు కాస్త ఆగినట్టు అనిపించగానే ఊ అంటాడు. పిల్లి అటకమీద నాలుగు పిల్లల్ని పెట్టింది, ఊ. బళ్లారిలో ఎవరో మన మాటలు రికార్డు చేస్తున్నారంటే సంఘం ఆడవాళ్లమంతా పోయి వచ్చాం, ఊ. నేనేం మాట్లాడానో చెప్పనా, ఊ. చెప్పనా అని అడిగిన తర్వాత ఎవరైనా ఏమిటి అని అడుగుతారు. ఊ అని ఊరుకుంటే ఏం చెబుతుంది? ఆమె చట్నీ రుబ్బుకోవడానికి పోయింది.

ఇంట్లో ఇలా ఉంటే పనిలో మాత్రం వేరేగా ఉంటుందా? రానురాను టైటస్ ముక్కల్ని రెండింతల వేగంతో వినడం మొదలుపెట్టాడు. ఒక పక్క క్రికెట్ స్కోరు, ఒక పక్క స్నేహితుల గ్రూపు, ఇంకో పక్క ఎవరో పెద్దాయన ఏకాగ్రత గురించి చెప్పే వీడియో. అర్థం కాని ముక్క వస్తే వెనక్కి పోయి మళ్లీ వినే ఓపిక లేక 'వినపడలేదు' అని రాసి దాటేసేవాడు. నూటికి తొంభై ఐదు సరిగ్గా ఉండాలని కంపెనీ నియమం. మనవాడిది ఎనభై ఎనిమిదికి దిగింది. బుధవారం నాడు పైఅధికారి సుమ దగ్గరినుంచి మెయిలు వచ్చింది. ఇప్పటికి పని ఆపేయండి, సోమవారం పదింటికి పరీక్ష, దానికి ముందు మీరు తప్పు చేసిన పదకొండు ముక్కల్ని మామూలు వేగంలో విని దిద్దుకోండి, పరీక్షలో తొంభై ఐదు రాకపోతే మీ స్థానంలో వేరొకరిని తీసుకుంటాం. మర్యాదగానే రాసింది. ఆ మర్యాదే టైటస్‌ను ఎక్కువ భయపెట్టింది. ఈ పని పోతే మళ్లీ మూడేళ్ల ఆలోచనే.

ఆ మెయిలు వచ్చిన మర్నాడే ఫోను నీళ్లలో పడింది. కురుగోడులో ఆరు రోజులకొకసారి కొళాయి వదులుతారు. వదిలినప్పుడు ఇల్లంతా యుద్ధానికి బయలుదేరినట్టు ఉంటుంది. టైటస్ ఒక చేత్తో పైపు పట్టుకుని, ఇంకో చేత్తో ఫోను చూసుకుంటూ డ్రమ్ము నింపుతున్నాడు. డ్రమ్ములోకి పోవలసింది పైపు, పోయింది ఫోను. తీసి తుడిచి, రుమాలులో చుట్టి, అందరూ చేసేదే చేశాడు. బియ్యంలో పెట్టాడు. మూడు రోజులు ముట్టుకోకూడదని వీడియోలో చెప్పారు. ఇంటి బియ్యం డబ్బామీద నిండు బిందెలు పేర్చి ఉన్నాయి. అందుకని పొయ్యి పక్కన మేకుకు వేలాడుతున్న సంచిలో, అడుగుదాకా తోసి పెట్టాడు.

అది పిడికిలి సంచి. దాని గురించి చెప్పాలి. వీళ్ల చర్చి సంఘంలో తాతల కాలంనుంచి ఒక అలవాటు ఉంది. ఆడవాళ్లు రోజూ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన పెడతారు. తిన్నాక మిగిలిన అన్నం ఇవ్వడం వేరు, ఇది వేరు. ఇంకా ఎవరూ తినకముందే, చాలుతుందో చాలదో తెలియకముందే తీసేది. నెలలో మొదటి ఆదివారం ఆ సంచి మూతి బిగించి చర్చికి పట్టుకుపోతారు. అక్కడి పాస్టరు హనోకు అయ్యగారు వాటిని విప్పరు, కొలవరు. ఆ రోజే చుట్టుపక్కల ఊళ్లలో దిక్కులేని ముసలివాళ్లకు సంచితో సహా ఇచ్చేస్తారు. ఎవరి సంచి ఎవరికి చేరిందో ఇచ్చినవాళ్లు అడగకూడదు, తీసుకున్నవాళ్లకు తెలియకూడదు. ఈ సంచిని కృపమణి టైటస్ చిన్నప్పటి నీలం యూనిఫాం చొక్కాతో కుట్టింది. జేబు కూడా అలాగే ఉంచింది.

ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని, ఇక ఫోను ఆరి ఉంటుందని టైటస్ వంటింట్లోకి పోతే మేకుకు సంచి లేదు. దాని బదులు పాత దిండుగలేబుతో కుట్టిన ఖాళీ సంచి ఒకటి వేలాడుతోంది.

"సంచి యాడమ్మా?"

"ఇచ్చేస్తి గదప్పా, పొద్దున్నే. నిన్న నిన్ను అడిగితి. ఈసారి శానా బరువుగా ఉండాది, నువ్వేమన్న పోసినావా, కట్టేద్దునా అని. ఊ అంటివి."

టైటస్‌కు ఆ ఊ గుర్తుకు రాలేదు. ఇయర్‌ఫోన్లలో ఏకాగ్రత పెద్దాయన గుర్తుకొచ్చాడు. ఫోను పోతే పోయింది, సిమ్ము అందులో ఉంది. ఆ నంబరుకు వచ్చే ఓటీపీ కొడితే తప్ప ల్యాప్‌టాప్‌లో కంపెనీ తలుపు తెరుచుకోదు. రేపు పదింటికి పరీక్ష. ఆదివారం కావడంతో కొత్త సిమ్ము ఇచ్చే దుకాణాలు కూడా మూసే ఉంటాయి. ఇదంతా విన్నాక కృపమణి కొడుకును ఒక్క మాట అనలేదు. తన చిన్న బటన్ ఫోను తీసి హనోకు అయ్యగారికి కలిపి కొడుకు చేతిలో పెట్టింది.

అయ్యగారు అప్పటికే బైకుమీద సంచులు పంచేసి ఏటి ఒడ్డున కెంచనగుడ్డ అనే ఊళ్లో సాయంత్రం ప్రార్థన కోసం ఆగి ఉన్నారు. నీలం సంచి ఎవరికిచ్చారని అడిగితే, ఇరవై ఏళ్లుగా ఆ పేర్లు ఎవరికీ చెప్పలేదనీ, ఇప్పుడు ఒక ఫోను కోసం చెప్పననీ కచ్చితంగా అన్నారు. టైటస్ పరీక్ష సంగతి చెప్పాడు.

"పేరు చెప్పనప్పా," అన్నారు హనోకు. "వేరే మాట చెప్తా. ఈ ఊళ్లో ఉచ్చంగెమ్మ అని ఒక అవ్వ ఉండాది. కండ్లు మసక. బియ్యంలో రాళ్లు ఏరుకునేదానికి ఎవరూ ల్యారు. నీకు తీరిక ఉంటే వచ్చి ఏరిపెట్టు."

టైటస్ తెక్కలకోట బస్సెక్కాడు, అక్కడ దిగి కెంచనగుడ్డకు ఇంకో బస్సు మారాలి. చేతిలో ఫోను లేకుండా బస్సెక్కడం అతనికి ఎన్నేళ్ల తర్వాతో. చేతులు ఏం చేసుకోవాలో తెలియక తొడల కింద పెట్టుకున్నాడు. కాలువ పక్కన వరి, ఎండబెట్టిన మిరపకాయలు, ట్రాక్టర్లు అన్నీ పోతున్నాయి. చూడ్డానికి ఇంకేమీ లేనప్పుడు మనిషి లోపలికి చూసుకుంటాడు. లోపల ధార్వాడ క్లాసు కనిపించింది. అబద్ధం అంటే ఏమిటి అని మేష్టారు అడిగిన రోజు టైటస్ లేచి గొప్పగా వాదించాడు. నిజం తెలిసి, దానికి వేరుగా చెబితేనే అబద్ధం అవుతుంది, తెలియకుండా చెప్పింది పొరపాటే కానీ అబద్ధం కాదు అన్నాడు. మంచి మార్కులు వచ్చాయి. ఆ లెక్కన తన ఊ అబద్ధం కాదు, ఎందుకంటే అమ్మ ఏమడిగిందో తనకు తెలియదు. బస్సు మొదటి స్టేజీ దాకా ఈ వాదం నిలబడింది.

తర్వాత కూలిపోయింది. ఊ అంటే అవునని కాదు గదా అనుకున్నాడు. నువ్వు చెప్పింది నిజమని కూడా కాదు. నేను ఇక్కడే ఉన్నాను, చెప్పు అని అర్థం. తను అక్కడ ఉన్నాడా లేడా అన్న సంగతి ఆ ఊ అన్నవాడికి తెలియకుండా ఎలా ఉంటుంది? ఇన్నాళ్లూ తను లేని చోటినుంచి ఉన్నానని చెబుతూ వచ్చాడు. కంపెనీకి కూడా అదే చెప్పాడు. వాళ్లకు కావలసింది చెవులైతే చెవులు బాగానే ఉన్నాయి, డాక్టరు సర్టిఫికెట్ కూడా తేగలడు. చెవుల వెనక మనిషి లేడు. ఈ మాట అనుకున్నాక టైటస్‌కు సిగ్గేసింది. ఎం.ఎ.లో ఇంత చదివి, ఈ చిన్న సంగతి తెలుసుకోవడానికి ఫోను నీళ్లలో పడవలసి వచ్చింది.

ఉచ్చంగెమ్మ ఇల్లు ఏటి వైపు చివరి వీధిలో ఉంది. ఒక గది, ముందర రేకుల చూరు, చూరు కింద కుక్కిమంచం. ఆమె చర్చికి పోదు, తనకు పేరిచ్చిన ఊరి దేవతనే కొలుస్తుంది. సంచి మాత్రం నెలనెలా వస్తుంది, దానికి కులం మతం రాసిపెట్టి లేదు. టైటస్ పోయేసరికి నీలం సంచి మంచంకోడుకు వేలాడుతోంది, మూతి ఇంకా విప్పలేదు. తన చొక్కా జేబు చూసి అతనికి ప్రాణం లేచి వచ్చింది. జరిగింది చెప్పి, సంచిలో ఫోనుంది, తీసుకుంటానవ్వా అన్నాడు.

"బియ్యంలో ఫోనెందుకుంటాదప్పా?" అంది ఆమె. "మీ తట్టు బియ్యంతోపాటు ఫోన్లు గూడా పండుతాయా?"

ఎంత చెప్పినా నమ్మలేదు. కళ్లు సరిగా కనపడని ముసలిదాని సంచిలో చెయ్యి పెడతానంటే ఎవరు ఒప్పుకుంటారు? గుమ్మరించి చూద్దామంటే కింద మట్టినేల, మొన్నటి వానకు ఇంకా తడిగా ఉంది, అన్ని బియ్యం పట్టే డబ్బా ఒకటుంది కానీ రాళ్లతో అందులో పోయనివ్వదు. చివరికి ఆమే తీర్పు చెప్పింది. ఎట్లాగూ బియ్యం ఏరాలి. తను చేటలోకి నాలుగు పిడికిళ్లు పోస్తుంది, అతను రాళ్లు ఏరి డబ్బాలో పోయాలి, అప్పుడు ఇంకో నాలుగు పిడికిళ్లు. ఫోనుంటే అదే వస్తుంది. సాయంత్రం ఆరింటికి బస్సు. టైటస్ మంచం చివరకు జరిగి చేట ఒళ్లో పెట్టుకున్నాడు.

మాట లేకుండా పని సాగితే ఉచ్చంగెమ్మకు పొద్దుపోదు. కథ చెబుతాను, ఊ కొట్టు అంది. ఏరు ఊళ్లోకి వచ్చిన ఏడు ఏం జరిగిందో మొదలుపెట్టింది. పాలు పితికే వేళకు నీళ్లు వచ్చాయట. ఆమెకు గౌరి అని ఒక ఎనుము, అదే గేదె, ఉండేదట. ఊ. కొడవలితో పలుపు కోసేసిందట. ఊ. టైటస్ కళ్లు రాళ్లమీద, మనసు ఆరింటి బస్సుమీద. ఊ. కథ ఆగిపోయింది. అతను మామూలుగా ఇంకో ఊ అన్నాడు.

"ఎనుము ఏ పక్కకు పోయింది చెప్పప్పా?"

టైటస్ చేటలోంచి తలెత్తాడు. "నాకి కండ్లు ల్యావు, చెవులుండాయి," అంది ఉచ్చంగెమ్మ, కోపమేమీ లేకుండా. "నీ ఊలో నువ్వు ల్యావు. ఒట్టి ఊ." చేటలోకి బియ్యం పోయడం ఆపి, కథ మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది. పాలు పితికే వేళకు నీళ్లు వచ్చాయట.

అప్పుడు అతను విన్నాడు. వినకపోతే సంచి ఖాళీ అయ్యేలా లేదు కాబట్టి మొదట బస్సు కోసమే విన్నాడు. పలుపు కోశాక గౌరి వెనక్కి తిరిగి ఒకసారి ఆమెను చూసిందట. తర్వాత ఏట్లో పడి, రాయచూరు తట్టు ఒడ్డుకు ఈదుకుంటూ పోయిందట. అటువంటి ప్రవాహంలో ఎనుము బతుకుతుందని ఎవరూ అనుకోలేదు. ఈమె మాత్రం రోజూ పోయి ఒడ్డున కూర్చునేది. తొమ్మిదో రోజు నీళ్లు తగ్గాక అవతలినుంచి నల్లటి తల ఒకటి ఈదుకుంటూ వచ్చింది. ఇది చెబుతూ ఆమె నీటిమీద తల ఎలా కనిపించిందో చేత్తో చూపించింది. టైటస్ చేటలో వేళ్లు ఆగిపోయాయి. ఊ అన్నాడు. ఆ ఊ అనాలని అనలేదు, దానంతటదే వచ్చింది. ఉచ్చంగెమ్మ మరో నాలుగు పిడికిళ్లు పోసింది. వాటితోపాటు రుమాలు ముడి చేటలో పడింది.

ఫోను దొరికింది. లేచి పోవచ్చు. ఆరింటి బస్సుకు ఇంకా పది నిమిషాల టైముంది. టైటస్ రుమాలును పక్కన పెట్టి, "వచ్చినాక ఏమైందవ్వా?" అని అడిగాడు.

"మెడలో కొత్త గంట ఉండె," అంది ఆమె. "నేను కట్టింది కాదు. పొదుగు చూస్తి. తొమ్మిది దినాలు పాలు పితకకపోతే వాచిపోవాల. వాయలేదు. ఎవురో గడ్డి ఏసినారు, పాలు పితికినారు, నీళ్లు తగ్గినాక, పోతూపోతూ యాడన్న మునిగితే చప్పుడన్న తెలియల్ల అని గంట కట్టి తోలినారు. వాళ్లెవురో నాకి తెలీదు. నేనెవురో వాళ్లకి తెలీదు. కాని నా గౌరిని చూసినారప్పా. మనసు పెట్టి చూసినారు. ఇంతకాలమైనా నేను దినామూ వాళ్లని తలుచుకుంటా."

గంట ఇప్పటికీ ఉంది. తలుపు వెనకనుంచి తీసి అతని చేతికిచ్చింది. టైటస్ దాన్ని ఒకసారి మోగించి, మళ్లీ జాగ్రత్తగా ఆమె చేతిలో పెట్టాడు. సంచిలో మిగిలిన బియ్యం కూడా ఏరి, డబ్బా మూత పెట్టి లేచేసరికి బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది. వీధి మొగదల హనోకు అయ్యగారు బైకు స్టార్టు చేసుకుని నిలబడి ఉన్నారు. తెక్కలకోట దాకా దింపారు. దారిలో రెండుసార్లు, నేను పేరు చెప్పలేదు సుమా అని గుర్తు చేశారు.

ఇంటికొచ్చి చార్జింగు పెడితే ఫోను కాసేపు బెట్టుచేసి వెలిగింది. కృపమణి, దేవుని బియ్యంలో పెట్టినావు గదా, చెడిపోదులే అంది. రాత్రి అన్నం తింటూ టైటస్ క్షమించమని అడగాలనుకున్నాడు. దేనికి అని ఆమె అడిగితే ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తెలియక ఇంకో ముద్ద కలుపుకున్నాడు.

సోమవారం పరీక్ష సంగతి ముందే చెప్పేస్తాను, లేకపోతే మీ మనసు దానిమీదే ఉంటుంది. తొంభై ఆరు వచ్చింది. ఇప్పటికీ ఆ పనే చేస్తున్నాడు. నేను చెప్పాలనుకున్నది మాత్రం ఆ పొద్దున ఏడున్నరకు జరిగింది.

ఓటీపీ వచ్చింది, తలుపు తెరుచుకుంది. తప్పు చేసిన పదకొండు ముక్కలూ వరసగా ఉన్నాయి. మాట్లాడినవాళ్ల పేర్లుండవు, నంబర్లే. మామూలు వేగంలో తప్ప వినడానికి వీల్లేకుండా చేశారు. మూడు ముక్కలు విని దిద్దాడు. నాలుగోదాని పక్కన తను రాసింది చూశాడు. 'వినపడలేదు.'

నొక్కాడు. ముందు ఎవరో అమ్మాయి కన్నడం యాసతో అడుగుతోంది, రోజులో మీకు ఇష్టమైన వేళ ఏది చెప్పండమ్మా అని. తర్వాత ఒక దగ్గు. ఆ దగ్గు టైటస్‌కు పుట్టినప్పటినుంచీ తెలుసు. రెండింతల వేగంలో ఆ దగ్గు ఎవరిదో తెలియలేదు, గొంతు ఎవరిదో తెలియలేదు. ఎవరో ఆడమనిషి గబగబా ఏదో అంటోందని దాటేశాడు. ఇప్పుడు ఆమె తాపీగా, పొయ్యి ముందర కూర్చుని చెబుతున్నట్టే చెబుతోంది.

"పొద్దున్నేనమ్మా. ఎసట్లో బియ్యం పోసేకి ముందర ఒక పిడికిలి తీస్తా గదా, అప్పుడు. మావోడు ఆ పొద్దు పక్క గదిలో పనికి కూసుంటాడు. చెవుల్లో అవి పెట్టుకోని ఉంటాడు. నేను మాట్లాడతాంటా, వాడు ఊ అంటాంటాడు. వాడు ఇనేది ల్యా, నాకి తెలుసు. ఐనా ఆ ఊ ఉండాది చూడు, అచ్చం వాళ్ల నాయన గొంతే. ఆయన పోయినాక నాకి ఆ ఊ ఒక్కటే మిగిలింది. దానికోసరమే మాట్లాడతా. ఏం మాట్లాడితే ఏముండాది?"

తర్వాత ఆమె నవ్వింది. ముక్క అక్కడితో తెగిపోయింది.

టైటస్ దాన్ని మళ్లీ విన్నాడు. మూడోసారి వింటూ టైపు చేశాడు. ఆమె 'నాకి' అన్నచోట 'నాకి' అనే రాశాడు, 'కూసుంటాడు' అన్నచోట 'కూసుంటాడు' అనే రాశాడు. దగ్గు దగ్గర దగ్గు అని రాశాడు. నవ్వు దగ్గర నవ్వు అని రాయబోతే తెర మసకబారింది. చొక్కా చేతితో కళ్లు తుడుచుకుని రాశాడు. ఇంకా ఏడు ముక్కలు మిగిలే ఉన్నాయి. ఇయర్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టాడు.

వంటింట్లోంచి గొంతు వస్తూనే ఉంది. ఎప్పటినుంచి వస్తోందో. పిల్లి సంగతి చెబుతోంది. నాలుగు పిల్లల్లో మూడు బాగానే తిరుగుతున్నాయట, నల్లది మాత్రం కుంటుతోందట. అక్కడ ఆమె కాస్త ఆగింది, ఊ కోసం.

టైటస్ లేచిపోయి వంటింటి గడపమీద కూర్చున్నాడు. ఆమె అటు తిరిగి ఉంది. ఎసరు కాగుతోంది, చేతిలో పిడికెడు బియ్యం.

"ఏ కాలు అమ్మా?" అన్నాడు.

కృపమణి వెనక్కి తిరిగింది. బియ్యం చేతిలోనే ఉండిపోయింది. కొడుకు మొహం చూసింది, చెవులు చూసింది. ఎసరు మరిగి పొయ్యిమీద చిందుతున్నా చూసుకోలేదు.

"ఎనకది. ఎడమది," అంది. పిడికిలి తెరిచి బియ్యాన్ని కొత్త సంచిలో వేసింది. స్టవ్వు తగ్గించి, కొడుక్కి ఎదురుగా నేలమీద కూర్చుని, ఆ పిల్లి మొదటిసారి అటకెక్కిన రోజునుంచి మళ్లీ మొదలుపెట్టింది.

"ఊ," అన్నాడు టైటస్.